నెలనెలా నూనె

“పెట్టె వచ్చిందా లేదా? ఆ ఒక్క మాట చెప్పు చాలు,” అన్నాడు మేస్త్రీ.

కొడుకు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మంచినీళ్ళ చెంబుతో వంటగది గుమ్మంలో నిలబడ్డ కోడలు, మొగుడి మొహం చూడలేక గోడ గడియారం వంక చూసింది. మూడు రోజులుగా ఈ ఇంట్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదే తంతు. ప్రశ్న మారడం లేదు. జవాబు మాత్రం రోజుకొకటి పుట్టుకొస్తోంది.

“షెడ్డు తాళంచెవి మా స్నేహితుడి దగ్గరుండిపోయింది నాన్నా. వాడేమో ఊరెళ్ళాడు.”

“నిన్న వాడికి జ్వరమన్నావుగా?”

“జ్వరం తగ్గింది. అందుకే వెళ్ళాడు.”

“పోనీలే, తగ్గింది కదా,” అన్నాడు మేస్త్రీ.

ఆ మాటలో వెటకారం లేదు. ఉండి ఉంటే కోడలికి అంత బాధ ఉండేది కాదు. లేని స్నేహితుడికి లేని జ్వరం తగ్గినందుకు ఆయన నిజంగానే సంతోషించాడు.

“ఆదివారం తెస్తాను నాన్నా. ఈసారి తప్పదు.”

మేస్త్రీ తలూపి, కంచం అంచు వేళ్ళతో తడిమి చూసుకుని, లేచాడు. గోడ పట్టుకుని స్నానాలగది దాకా నడిచాడు. తలుపు గుమ్మానికి ఒరుసుకుని కిర్రుమంది. ఆ చప్పుడుకి ఆయన అక్కడే ఆగి, తలుపు అంచు మీద అరచెయ్యి కిందికీ పైకీ పోనిచ్చాడు.

“ఇదిగో, ఇక్కడే. రెండుసార్లు చిత్రిక పడితే పోతుంది,” అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. మొహంలో ఏదో వెలుగు.

నలభై ఏళ్ళు కర్రపని చేసిన మనిషి. రెండేళ్ళ కిందట చూపు పోయింది. ఒకేసారి కాదు, ముందు అంచులు పోయి, తర్వాత నడిమి పోయి, చివరికి పగలో రాత్రో చెప్పలేని స్థితికి వచ్చింది. పనిషెడ్డు మూసేసిన రోజున పనిముట్ల పెట్టె మూత వేసి, దాని మీద చెయ్యి పెట్టి, కొడుకుని పిలిచాడు. “నా పని నువ్వు నేర్చుకోలేదు. నేనేం అనలేదు. ఇక ముందూ అనను. నెలకోసారి వీటికి నూనె రాయి. ఇంతకు మించి నిన్నేమీ అడగను,” అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. రెండేళ్ళలో ఇంకేమీ అడగలేదు. తిండి పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. కిటికీ పక్క కుర్చీలో రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నెల మొదటి రోజున మాత్రం నోరు విప్పేవాడు. “నూనె రాశావా?” “రాశాను నాన్నా.” అంతే, మళ్ళీ నెల దాకా మౌనం.

పార్సిల్ వ్యాను నడుపుకునే కొడుకు ఆ పెట్టెని వ్యాన్లు నిలిపే రేకుల షెడ్డులో ఒక మూలన పడేశాడు. సరిగ్గా దాని నెత్తి మీదే రేకుకి చిల్లు ఉందన్న సంగతి అతనికి తెలియదు. తెలుసుకోవడానికి ఒక్కసారైనా వెళ్ళి ఉంటే కదా!

పోయిన శనివారం స్నానాలగది తలుపు ఒరుసుకోవడం మొదలైంది. మేస్త్రీ దాన్ని తడిమి తడిమి చూసి, “కళ్ళు పోతే పోయాయి, చేతులున్నాయిగా. నా పెట్టె తెప్పించండి,” అన్నాడు. ఆ రోజు ఆయన తనంతట తాను గడ్డం గీయించమన్నాడు. రెండోసారి వడ్డించుకున్నాడు. కోడలు సంబరపడిపోయింది. సోమవారం మొగుడూ పెళ్ళాం కలిసి షెడ్డుకి వెళ్ళి పెట్టె మూత తీసేదాకా ఆ సంబరం నిలిచింది.

లోపల ఇనుమన్నది కనబడలేదు. ఉన్నదంతా ఎర్రటి పొక్కులే.

*

“దొంగలు పడ్డారని చెప్పేద్దాం,” అన్నాడు భర్త, వంటగదిలోకి వచ్చి గొంతు తగ్గించి. ముసలాయన చెవులు పాముచెవులు. కళ్ళు పోయాక మరీను.

“రెండేళ్ళు నూనె రాసినవాడివి, ఒక తాళం వేసుకోలేకపోయావా అని అడుగుతారు. ఏం చెప్తారు?”

కుళాయి కింద చేతులు పెట్టాడు. కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాడు.

“పోనీ ఉన్నమాట చెప్పండి. తిడతారు. తిట్టించుకోండి.”

“తిడితే నేనెందుకు భయపడతాను? ఆయన తిట్టరు,” అన్నాడు అతను. “నీకు తెలీదు. తిట్టరు. అదే మా నాన్నతో వచ్చిన చిక్కు.”

అంతకు మించి ఏమీ చెప్పకుండా వ్యాను తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. కోడలికి మొగుడి మీద కోపం వచ్చింది, జాలీ వచ్చింది. ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు ఆడదానికి తోచేది ఒక్కటే, పనిలో పడటం. పెట్టెని సోమవారం సాయంత్రమే దుప్పటి చుట్టి, మేస్త్రీ రేడియో వింటున్న సమయం చూసి, వెనక బాల్కనీలోకి చేర్చారు. ఆదివారానికి ఇంకా మూడున్నర రోజులుంది. కొంగు బిగించింది.

ఆమెకి పని కొత్త కాదు, పనిముట్లే కొత్త. పొద్దుటి పూట ఆమె కట్టుడుపళ్ళు తయారుచేసే చోట పనిచేస్తుంది. అచ్చు పోసిన పళ్ళ సెట్టుని రుద్ది, నునుపు చేసి, మెరుగుపెట్టడం ఆమె పని. నాలుకకి వెంట్రుకవాసి గరుకు కూడా దొరికిపోతుంది, అందుకని గోటితో గీసి, పెదవికి ఆనించి చూసుకుంటేనేగాని ఆమె సెట్టు కిందపెట్టదు. పన్నెండేళ్ళుగా ఆమె చేతుల్లోంచి గరుకన్నది బయటికి పోలేదు. అదే ఆమె గొప్ప.

వీధి చివర సానపట్టే తాతని ముందే అడిగి వచ్చింది. కత్తులూ కత్తెరలూ సానపట్టి సానపట్టి, ఆయన చేతులు కూడా రాతిరంగుకి తిరిగాయి. ఒక ఉలిని ఆయన ఎండలోకి ఎత్తి చూసి, నాలుక చప్పరించాడు. వెనిగర్‌లో ఒక పగలూ ఒక రాత్రీ నానెయ్యమన్నాడు. ఇత్తడి బ్రష్షుతో రుద్దమన్నాడు. కడిగాక వాషింగ్ సోడా నీళ్ళలో ముంచకపోతే పులుపు లోపలే ఉండి మళ్ళీ తినేస్తుందన్నాడు. తడి ఆరనియ్యకుండా నూనె పట్టించాలన్నాడు.

“ఇనుము సంగతి ఇది. కర్ర సంగతి నాకు తెలీదమ్మా. ఇంట్లోనే మేస్త్రీ ఉన్నాడు కదా, ఆయన్నడుగు,” అన్నాడు.

అడిగే వీలుంటే ఇన్ని తిప్పలెందుకు? ఆమె నవ్వి ఊరుకుంది.

మేస్త్రీ కునుకు తీసే వేళ చూసుకుని బాల్కనీలో కూర్చునేది. ఆరు ఉలులు, రెండు రంపాలు, చిత్రిక, దాని ఇనప పలక, కర్రకి చిల్లులు పెట్టే బరమా. ముందు పైపొక్కులు గీకేసి, బట్టలు నానబెట్టే టబ్బులో వెనిగర్ పోసి, అన్నిటినీ ముంచింది. మర్నాటికి టబ్బులో నీళ్ళు నల్లటి బురదయ్యాయి. బ్రష్షుతో రుద్దుతుంటే తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచింది. కింద బూడిదరంగు ఇనుము కనిపించిన చోట ఆమెకి ప్రాణం లేచొచ్చేది. కడిగి, సోడా నీళ్ళలో ముంచి, పాత చీరముక్కతో గబగబా తుడిచేది. ఒక్క క్షణం ఏమరితే కళ్ళముందే మళ్ళీ ఎర్రబడేది ఇనుము. రెండు ఉలుల అంచులు తుప్పు తిని గుంటలు పడి ఉంటే సానతాత ఆ మేరకి అరగదీసి కొత్త అంచు తెచ్చాడు. ఒక రంపానికి నాలుగు పళ్ళు లేవు. ఆమె పనిచేసే చోటైతే పన్ను పోతే పన్ను పెడతారు. ఇక్కడ అదీ లేదు.

ఎంత మెల్లగా రుద్దినా చప్పుడు దాగలేదు.

“ఏంటమ్మా ఆ గీకుడు?” మొదటిరోజే లోపలినుంచి అడిగాడు మేస్త్రీ.

“గిన్నె మాడింది మావయ్యా.”

రెండోరోజు మళ్ళీ అడిగాడు. మళ్ళీ గిన్నే అంది. మూడోరోజు కుర్చీలోంచే గొంతెత్తి, “అమ్మాయ్, అదే గిన్నెనా?” అన్నాడు.

“అదే మావయ్యా.”

“అంత మాడ్చేదానివి, మాకు పెట్టేది మాత్రం బాగానే ఉంటోందే! మాడినదంతా నువ్వే తింటున్నావా ఏంటి?”

అని నవ్వాడు. రెండేళ్ళ తర్వాత ఆ ఇంట్లో మేస్త్రీ నవ్వు వినబడింది. కోడలు బ్రష్షు పక్కన పెట్టి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. సంతోషానికో సిగ్గుకో ఆమెకే తెలియలేదు. ఆ నవ్వు కోసం ఇంకో పది గిన్నెలు మాడాయని చెప్పడానికైనా ఆమె సిద్ధంగా ఉంది.

శుక్రవారానికి ఇనుము తేలింది. గుంటలు గుంటలుగా, స్ఫోటకం వచ్చి తగ్గిన మొహంలా ఉంది, అయినా ఇనుమే. ఇప్పుడు పిడులు కంటికి ఆనలేదు. చెమటా జిడ్డూ పట్టి నల్లబారిపోయి ఉన్నాయి. ఒక్కో పిడి మెడ దగ్గర గాట్లు. ఒకదానికి ఒకటి, ఒకదానికి రెండు, ఒకదానికి ఇంకా ఎక్కువ. ఎలకలు కొరికాయో, పెట్టెలో ఒకదానికొకటి తగిలాయో అనుకుంది. చిత్రిక కొయ్యకి ఎడంపక్కన వేలు పట్టేంత గుంట. పై రేకు నుంచి నీళ్ళు పడీ పడీ కర్ర కుళ్ళి ఉంటుందనుకుంది.

నానబెట్టడం, రుద్దడం సానతాత చెప్పిన పని. పిడులు మాత్రం ఆమె సొంత పని. వాటి మీద ఆమె ప్రాణం పెట్టింది. గరుకు కాగితం ముతకదానితో మొదలుపెట్టి, సన్నదానికి వచ్చి, చివర్న పళ్ళకి మెరుగుపెట్టే పొడి తెచ్చి గుడ్డతో రుద్దింది. గాట్లన్నీ పోయాయి. చిత్రిక గుంటలో కర్ర లప్పం కూరి, ఆరాక రుద్ది, చుట్టూ ఉన్న కొయ్యతో కలిపేసింది. అన్నిటికీ వార్నిష్ రెండు పూతలు వేసింది. గోటితో గీసి చూసింది. పెదవికి ఆనించి చూసింది. ఎక్కడా ఏమీ తగల్లేదు.

*

శనివారం మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది. రెండు వీధుల అవతల బట్టలు కుడుతుంది. తమ్ముడి మొహంలో రంగు మారితే గడప అవతలినుంచే కనిపెట్టగలదు. తండ్రి నిద్రపోతున్నాడని రూఢి చేసుకుని, తిన్నగా బాల్కనీలోకి వచ్చి నిలబడింది. పాత చీర మీద ఎండలో వరసగా ఆరబెట్టిన పనిముట్లు చూసింది.

“ఇవి ఎందుకిలా...” అని మొదలుపెట్టి, వంగి ఒక ఉలి తీసుకుంది. ఇనుము మీద గుంటలు వేలితో తడిమింది. కుట్టుపని చేసే వేళ్ళు, ఇట్టే పట్టేశాయి. మెల్లగా తమ్ముడివైపు తిరిగింది.

“నెలనెలా రాశానని చెప్పావు కదరా.”

అతను గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

“ఒక్కసారైనా రాశావా?”

“లేదక్కా.”

“ఒక్కసారి కూడానా?”

కింద వీధిలో ఎవరో మోటారుసైకిలు స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయింది.

“చిన్నాన్న సంగతి దీనికి చెప్పావా?” అంది ఆడపడుచు చివరికి.

చెప్పలేదు. అక్కే చెప్పింది, గుసగుసగా, కోడలి వైపు చూడకుండా. మేస్త్రీకి ఒక తమ్ముడుండేవాడు. ఇద్దరూ ఒక్క షెడ్డులో పనిచేసేవారు. ఒకరోజు అతను అన్న ఉలిని అడిగి తీసుకెళ్ళి వానలో మర్చిపోయాడు. మర్నాడు తెచ్చిచ్చాడు, ఎర్రగా. మేస్త్రీ ఒక్క మాట అనలేదు. ఉలి అందుకుని పక్కన పెట్టాడు. అంతే. పదకొండేళ్ళు తమ్ముడితో మాట్లాడలేదు. పక్కపక్కనే కూర్చుని పనిచేస్తూ మాట్లాడలేదు. మాట్లాడకుండానే తమ్ముడు పోయాడు.

“డబ్బు వాడుకుంటే క్షమించేవాడు. అబద్ధమాడితే క్షమించేవాడు. ఇనుముకి తుప్పు పట్టనిచ్చిన చేతిని మాత్రం మా నాన్న మనిషి చెయ్యి అనుకోడు,” అంది ఆడపడుచు. “అయినా సరే, చెప్పెయ్యరా. దాచేకొద్దీ పెద్దదవుతుంది.”

“నువ్వు చెప్పక్కా.”

ఆడపడుచు ఉలిని దాని చోట పెట్టింది. లోపలికి వెళ్ళి, తండ్రి మంచం పక్కన కాసేపు కూర్చుంది. ఆయన లేచి, “ఎవరు, పెద్దదానివా? రేపు నా పెట్టె వస్తోంది తెలుసా?” అన్నాడు. “తెలుసు నాన్నా,” అంది. మంచినీళ్ళు తాగి, ఇంకేమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. పోతూ పోతూ గుమ్మంలో కోడలి చెయ్యి పట్టుకుని, పిడులు మాత్రం కొత్తవాటికన్నా బాగున్నాయి, ఎవరూ గుర్తుపట్టలేరు అంది. ఆ మెప్పుకి కోడలు పొంగిపోయింది, పాపం.

సాయంత్రం భర్త పనిముట్లన్నీ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాడు. చిత్రికని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

“మా నాన్న వాడుతున్నప్పుడు కూడా ఇంత బాగా లేవు,” అన్నాడు. తర్వాత, “రేపటినుంచి నెలనెలా రాస్తాను. నిజంగా రాస్తాను,” అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మవలసినంత నిజం ఉంది ఆ గొంతులో.

*

ఆదివారం పొద్దున్నే మేస్త్రీ తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, కుర్చీలో కూర్చున్నాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, ఆరబెట్టుకుంటున్నట్టు మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకున్నాడు. స్నానాలగది తలుపు దగ్గర నేల తుడిపించాడు. చిత్రిక పడితే రాలే కర్రపొట్టుని ఎవరూ తొక్కకూడదన్నాడు. దాని వాసన చూసి రెండేళ్ళయిందన్నాడు.

భర్త పెట్టె తెచ్చి ఆయన కాళ్ళ ముందు దించాడు. దించిన చప్పుడు విని మేస్త్రీ, “నెమ్మది,” అన్నాడు.

వంగి, మూత తీశాడు. లోపలికి చెయ్యి పెట్టే ముందు ఒక్క క్షణం ఆగాడు.

ముందు చిత్రిక తీసుకున్నాడు. ఒడిలో పెట్టుకుని, బరువు చూసుకున్నాడు. బరువు సరిపోయినట్టుంది, తలూపాడు. కుడిచెయ్యి వెనక, ఎడంచెయ్యి ముందు. ఎడం బొటనవేలు కొయ్య పక్కకి వెళ్ళింది. అక్కడ ఆగింది. కొంచెం పైకి జరిగింది, కొంచెం కిందికి జరిగింది. చీకట్లో చెప్పులు వెతుక్కునే కాలులా ఆ వేలు అక్కడక్కడే తిరిగింది.

చిత్రిక పక్కన పెట్టాడు. ఒక ఉలి తీసుకున్నాడు. పిడి మెడ దగ్గర వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. అది పెట్టేసి రెండోది తీశాడు, మూడోది తీశాడు. ఆరూ అయ్యాయి. ఆఖరిదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

“వార్నిష్,” అన్నాడు. ఆ పైన నెమ్మదిగా, “నీ స్నేహితుడు పొరబడ్డాడు రా. ఇది నా పెట్టె కాదు.”

“నీదే నాన్నా.”

“కాదు. నా ఉలులకి గాట్లుంటాయి. షెడ్డులో దీపం పోయినా ఏ ఉలి ఏదో తెలియాలని నేను నా చేత్తో కోసుకున్నవి. సన్నదానికి ఒకటి, దాని తర్వాతదానికి రెండు. చిత్రికకి బొటనవేలు గుంట ఉంటుంది. అది నేను కోసింది కాదు. మా గురువుగారి వేలు ముప్పై ఏళ్ళు అరిగించింది. ఆ తర్వాత నా వేలు నలభై ఏళ్ళు. ఆ గుంటలో వేలు పెడితే నాకు కళ్ళెందుకు? ఆ ధైర్యంతోనే తలుపు నేను చేస్తానన్నాను.”

తన గోటికి తగలకుండా కోడలు రుద్దేసిన గరుకు కోసమే ఈ చేతులు ఇప్పుడు వెతుకుతున్నాయి. ఆమె ముందుకొచ్చి, నేల మీద కూర్చుంది.

“మావయ్యా, మీవే ఇవి. ఇనుము మీద మీ గురువుగారి గుర్తు మూడు చుక్కలుంటాయని ఒకసారి చెప్పారు. చూడండి.” ఆయన వేలు పట్టుకుని ఉలి మీద పెట్టింది.

మేస్త్రీ ఓపిగ్గా తడిమాడు. “మూడు కాదమ్మా, ఇక్కడ ముప్పై ఉన్నాయి,” అన్నాడు. “ఈ ఇనుము బాగా తుప్పు తిని ఉంది. ఎవడో చేతకానివాడి పెట్టె. నాది ఇలా ఎందుకుంటుంది? నావాటికి నెలనెలా నూనె పడింది కదా!”

ఆ మాట అంటూ ఆయన కొడుకున్న వైపు మొహం తిప్పాడు. ఆ మొహంలో అనుమానం లేదు. కొడుకు మీద ఆయనకి అంత నమ్మకం ఉందని ఆ ఇంట్లో ఎవరికీ ఆ క్షణం దాకా తెలియదు.

“పిడులు నేనే రుద్దాను మావయ్యా,” అంది కోడలు. “గాట్లు నేనే తీసేశాను. గుంట నేనే పూడ్చాను. నాకు తెలీదు.”

మేస్త్రీ ఉలిని ఒళ్ళోకి దించుకున్నాడు.

“నాలుగు రోజులు గీకింది ఇవేనా అమ్మా?”

“ఇవే.”

“గిన్నె కాదూ?”

“కాదు మావయ్యా.”

“నూనె పట్టిన పనిముట్లని అన్ని రోజులు గీకాల్సిన అవసరం ఏమొచ్చింది?”

ఆమె నోరు తెరిచింది. ఇంక ఒక్క మాటే మిగిలింది, ఆ మాట చెప్తే అంతా అయిపోతుంది. భర్త వైపు చూసింది. అతను తండ్రి చేతుల వంక చూస్తున్నాడు. ఒళ్ళో ఉలి, దాని మీద ఆ చేతులు. పదకొండేళ్ళ మౌనం అతని కళ్ళలో కనబడింది ఆమెకి. ఆయనకి ఇంకో పదకొండేళ్ళ ఆయుష్షు లేదు.

“అమ్మేశాను నాన్నా,” అన్నాడు అతను.

తాను విన్నదేమిటో కోడలికి అర్థం కాలేదు.

“నీ పెట్టె నేను అమ్మేశాను. నువ్వు అడుగుతావనుకోలేదు. అడిగేసరికి ఏం చెయ్యాలో తెలీక పాతసామాను కొట్లో ఇవి కొన్నాను. నీకు తెలీకూడదని తనచేత శుభ్రం చేయించాను. నీవే అని చెప్పమన్నదీ నేనే.”

అన్నీ అతికినట్టు సరిపోయాయి. మూడు రోజుల జ్వరం కథ సరిగ్గా అల్లలేనివాడు ఈ ఒక్క అబద్ధం ఎక్కడా కుట్టు కనబడకుండా కుట్టాడు. కోడలు “కాదు” అనబోయింది. భర్త ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. బతిమాలుతున్న కళ్ళు.

మేస్త్రీ ఉలిని పెట్టెలో పెట్టాడు. చిత్రికని పెట్టాడు. మూత వేసి, దాని మీద చెయ్యి ఉంచకుండా తీసేశాడు.

“ఎవరికిచ్చావు?” అన్నాడు.

“ఒక వడ్రంగికి.”

“పనిచేసేవాడేనా? అలంకారానికి గోడకి తగిలించుకునేవాడా?”

“పనిచేసేవాడే నాన్నా.”

“నూనె రాస్తాడా?”

“రాస్తాడు. నెలనెలా రాస్తాడు.”

మేస్త్రీ మొహంలో బిగువు సడలింది. ఎంతకి అమ్మావని అడగలేదు. ఏదో అవసరం పడి ఉంటుంది, ముందే చెప్పి ఉంటే బాగుండేది అన్నాడు. పనిముట్టు పనిచేసే చేతిలో ఉంటే దానికి మంచిదే, ఇక్కడ ఉండి మాత్రం గుడ్డివాడి ఇంట్లో ఏం చేస్తుంది అన్నాడు. తలుపుకి ఇంకెవరినైనా పిలిపించండి అన్నాడు. ఇన్ని మాటలూ కోపం లేకుండా, ఇంకెవరి సంగతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. తన కాళ్ళకి అడ్డంగా ఉన్న పెట్టెని పాదంతో మెల్లగా పక్కకి నెట్టాడు.

గురువు వేలూ, తన వేలూ డెబ్బై ఏళ్ళు అరిగించిన కొయ్య ఆ పెట్టెలోనే ఉంది. దాన్ని కాలితో నెట్టాడని ఆయనకి తెలియదు. తెలిసిన ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

“అమ్మాయ్,” అన్నాడు మేస్త్రీ, కుర్చీ చేతుల మీద బలం ఆనించి లేస్తూ. “నా చెప్పులు ఇలా ఇవ్వు.”

“ఎక్కడికి మావయ్యా?”

“ఆదివారం కదా, ఆ వడ్రంగి ఇంట్లోనే ఉంటాడు. వీణ్ణి తీసుకెళ్ళమంటాను. తిరిగి ఇమ్మని అడగనులే. ఒక్కసారి ఆ గుంటలో వేలు పెట్టి వచ్చేస్తాను.”

కోడలు చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది. ఒకటి ఎక్కించుకుని, రెండోదాని కోసం తడుముతూ, ఆయన పక్కకి చెయ్యి చాపాడు, కొడుకు భుజం అక్కడ ఉంటుందని.

కొడుకు ఉన్నచోటినుంచి కదల్లేదు.